నడుము మీద తుపాకీ, చుట్టూ జనం

చేసిన పని

ఉద్యోగం మొత్తంలో నేను మనిషి మీద ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. ఈ మాట చెబితే మా బంధువుల ముఖాలు చిన్నబోతాయి. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చుని, కాఫీ తెప్పించి మరీ "ఎంతమందిని కాల్చినావక్కా?" అని అడిగినవాళ్ళు, జవాబు విన్నాక గ్లాసు పట్టుకుని వేరే వరుసకు వెళ్ళిపోయారు.

నేను సాయుధ పోలీసు విభాగంలో పనిచేశాను. పుట్టింది తిరుత్తణి పక్కన మగ్గాల ఇంట్లో. పనిచేసింది ఎక్కువగా తిరువళ్ళూరు చుట్టుపక్కల. సర్వీసులో సగానికి పైగా గన్‌మ్యాన్‌గానే గడిచింది. ఈ మాటకు ఆడవాళ్ళ రూపం లేదు. నన్నూ గన్‌మ్యాన్ అనే పిలిచేవారు, నేనూ పలికేదాన్ని.

మా అన్న కూతురు సుమతికి ఈ మధ్య అదే విభాగంలో ఉద్యోగం వచ్చింది. "అత్తా, ఆ పని నిజంగా ఎట్లుంటాదో చెప్పు" అని అడిగింది. అది తమిళం గడగడా చదువుతుంది, తెలుగు మాత్రం అక్షరం కింద వేలు పెట్టి చదువుతుంది. అందుకని చిన్న వాక్యాలు రాస్తున్నాను.

పని ఏమిటంటే, ఉదయం తీసుకున్న తుపాకీని డ్యూటీ అయ్యాక అదే స్థితిలో తిరిగి ఇవ్వడం. మధ్యలో నీకు అప్పగించిన మనిషి కూడా బతికి ఉండాలి. మిగతాదంతా ఎండలో నిలబడటం.

దేశింగు సార్ చెక్క తుపాకీ

మాకు శిక్షణ ఇచ్చిన హవల్దారు పేరు దేశింగు. తమిళాయన. మొదటి రోజు మా నడుములకు చెక్క తుపాకులు కట్టి, "ఈ వారమంతా దీన్ని ఎవరూ లాక్కోకుండా చూసుకోండి" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

మేం కవాతులో జాగ్రత్తగా ఉన్నాం. ఆయన కవాతులో మా జోలికే రాలేదు. క్యాంటీన్‌లో నేను రెండు చేతులతో ఇడ్లీ ప్లేటు, సాంబారు గిన్నె పట్టుకుని వస్తుంటే వెనక నుంచి వచ్చి తీసుకుపోయాడు. ఇంకొక అమ్మాయి చెప్పు తెగిందని వంగినప్పుడు తీసుకుపోయాడు. వేరొక అమ్మాయిని ఆపి, మీ నాన్న ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగాడు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని చెబుతుంటే ఆమెది కూడా తీసుకున్నాడు. తరవాత వాళ్ళ నాన్నకు మందులు కూడా తెప్పించాడు. చెక్క తుపాకీ మాత్రం ఆ పూటకు తిరిగి ఇవ్వలేదు.

వారం చివర ఆయన చెప్పినదాని సారాంశం ఇది. తుపాకీ వైపు చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. సంచి, గొడుగు, ఫోను, ఎవరి బిడ్డ అయినా సరే, రెండో చేతికే. కూర్చుంటే తుపాకీ వైపు గోడకు ఉండాలి. నిలబడితే ఆ వైపు మోచెయ్యి దాని మీద ఆనుకుని ఉండాలి. ఎవరైనా లాగితే వాడి చేతిని తోసేయాలని చూడొద్దు. వాడి చెయ్యి మీద నీ చెయ్యి వేసి కిందికి అదుము. ఒరలో ఉన్న తుపాకీ ఇనప ముక్క. బయటికి వచ్చాకే అది తుపాకీ.

సఫారీ సూట్ కుట్టించుకోవడానికి తిరుత్తణిలో ఒక టైలరు దగ్గరికి వెళ్ళాను. కుడివైపు నడుము దగ్గర వదులుగా, చొక్కా పొడవుగా ఉండాలని చెప్పాను. ఆయన టేపు చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "బిడ్డ పుట్టేటట్టుంటే ముందర గదమ్మా వదులు పెట్టాల, పక్కన ఏంటికి?" అన్నాడు. రహస్యంగా ఉంచాల్సిన విషయం కాబట్టి నేను జవాబు చెప్పలేదు. ఆయన నా మీద జాలిపడి నాలుగు వైపులా వదులు పెట్టాడు.

బకెట్ మీద అవ్వ

తుపాకీని దొంగలు ఎత్తుకుపోవడం కంటే మనవాళ్ళు మరిచిపోవడమే ఎక్కువ. దీనికి ఉదాహరణగా నాతో పనిచేసిన ఒకాయన కథ చెబుతాను. దొరై అని పిలుద్దాం. మంచి గురి ఉన్న మనిషి. పోటీల్లో కప్పులు తెచ్చేవాడు.

తిరువాలంగాడు దగ్గర ఒక పెళ్ళికి, తను కాపలా కాసే పెద్దమనిషితో వెళ్ళాడు. మరుగుదొడ్డికి పోయి, బెల్టు విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించాడు. బయట ఎవరో తలుపు తట్టారు. తొందరలో ప్యాంటు పట్టుకుని వచ్చేశాడు. బెల్టు లేదనే సంగతి ఆయనకు భోజనం దగ్గర, ప్యాంటు జారుతుంటే తెలిసింది.

పరుగెత్తిపోయి చూస్తే కొక్కెం ఖాళీ. బెల్టు లేదు, తుపాకీ లేదు. దొరై ముఖంలో నెత్తురు లేదని తరవాత అందరూ చెప్పుకున్నారు. పెద్దమనిషి వెంటనే మాకు ఫోన్ చేశాడు. మేం జీపులో వెళ్ళేసరికి మంటపమంతా ఒకటే గోల. అయితే గోల తుపాకీ గురించి కాదు. పెళ్ళికూతురి అవ్వ పెరట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ముహూర్తానికి లేవనంటోంది. కొడుకులు బతిమాలారు. వియ్యంకులకు ఏం తక్కువ చేశాం అని మగపెళ్ళివాళ్ళు నొచ్చుకున్నారు. తాళి కట్టడం కూడా అయిపోయింది. అవ్వ లేవలేదు.

యూనిఫాంలో ఉన్న నన్ను చూడగానే దగ్గరికి పిలిచి చెవిలో అడిగింది. "నువ్వు పోలీసుదానివేనా? నిజంగా పోలీసుదానివేనా?"

"అవునవ్వా."

"అట్లయితే నన్ను లేపి, దీని కింద ఉండేది నువ్వే ఎత్తుకో. లోపల పిల్లకాయలు ఆడుకుంటాండారు. ఎవురికి చెప్పినా ఓ తూరి చూస్తామంటారని చెప్పలే."

ఆమె దాన్ని చేత్తో తాకలేదు. బెల్టును చీపురు కర్రతో ఎత్తి తెచ్చి, బకెట్ బోర్లించి కూర్చుంది. మనవరాలి పెళ్ళి వినడమే తప్ప చూడలేదు. దొరై ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుని, "ముందు ప్యాంటు పట్టుకో నాయనా" అంది.

దొరై కొంతకాలం సస్పెన్షన్‌లో ఉన్నాడు. వచ్చాక ఆయన్ని దఫ్తరులో వేశారు. కప్పులు ఇంట్లో అలాగే ఉన్నాయి. మరుగుదొడ్డిలో తుపాకీ ఉండాల్సిన చోటు నీ ఒడి. కొక్కెం కాదు, కిటికీ కాదు, ఫ్లష్ ట్యాంకు మీద అసలే కాదు. సుమతీ, ఇది నీకు ఎవరూ మర్యాదగా చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

దేవకమ్మ సంచులు

నా చివరి పోస్టింగుల్లో పెద్దది దేవకమ్మ దగ్గర. ఆరణి పక్కన వ్యవసాయ కుటుంబం. పంచాయతీ యూనియన్ చైర్మన్. ఏట్లో ఇసుక తోడే లారీల మీద కోర్టుకు వెళ్ళింది. ఇంటి గేటుకు అడ్డంగా ఎవరో రాత్రికి రాత్రి మట్టి పోసి వెళ్ళారు. ఫోన్లలో బెదిరించారు. కోర్టు రక్షణ ఇవ్వమంది. నన్ను పంపారు.

దేవకమ్మ భయపడే మనిషి కాదు. ఆ భయపడకపోవడమే నాకు పని పెంచింది. ఆమెకు జనం అంటే ఇష్టం. కారు ఆగకముందే తలుపు తెరిచేది. ఎవరు పిలిచినా ఆగేది. ఇకపోతే ఆమె చేతిలో ఏదుంటే అది నాకిచ్చేది. సొరకాయ, శాలువా, సన్మానంలో ఇచ్చిన గడియారం, ఒకసారి బతికున్న కోడి.

"పట్టుకోయే కోమలా."

"కుడిచెయ్యి ఖాళీగా ఉండాలమ్మా."

"ఎడమ చేత్తో పట్టుకో."

"ఎడమ చేతిలో మీ సొరకాయ ఉందమ్మా."

"నిన్ను నాకు కాపలాకు పంపినారా, నీకు నన్ను కాపలాకు పంపినారా?" అని కోడిని తనే పట్టుకుని వేదిక ఎక్కేది. రోజూ ఈ గొడవ ఉండేది. మధ్యాహ్నం నాకు పెట్టకుండా తను తినేది కాదు. ఆమె మీద నాకు చాలా ప్రేమ ఉండేది. ప్రేమ ఉన్న మనిషికి కాపలా కాయడం కష్టం. వాళ్ళ ముఖం చూడబుద్ధవుతుంది. చూడాల్సింది చుట్టూ ఉన్న చేతుల్ని.

ఆడి ఆదివారం

తమిళుల ఆడి నెలలో, అమ్మవారి జాతరల రోజుల్లో, ఒక ఆదివారం పెరియపాళయం అమ్మవారికి మొక్కు తీర్చాలంది. వద్దన్నాను. వారం మధ్యలో వెళదామన్నాను. "అమ్మకు ఆదివారమని మొక్కుకున్నా. నీ సౌకర్యం చూసి మొక్కుకోలే" అంది. వెళ్ళాం.

ఆ నెలలో అక్కడి జనం ఎలా ఉంటారో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వేపాకు చుట్టుకున్నవాళ్ళు, పొంగలి కుండలు, గుండ్లు గీయించుకున్న పిల్లలు, పంబ మోతలు. అందరి భుజాలు అందరికీ తగులుతాయి. అటువంటి చోట ఎవరు తాకారనేది లెక్కలోకి రాదు. ఎవరు ఎటు చూస్తున్నారనేదే లెక్క.

కారు దిగిన చోట ఒక మనిషి కనిపించాడు. ముప్పై ఏళ్ళు ఉండొచ్చు, నీలం చొక్కా. వేపాకు అమ్మే చోట మళ్ళీ కనిపించాడు. క్యూలో మా వెనక మూడోసారి కనిపించాడు. అతని చేతిలో టెంకాయ లేదు, పళ్ళెం లేదు, వేపమండ లేదు, వెంట పెళ్ళాంబిడ్డలు లేరు. ఆడి ఆదివారం పెరియపాళయానికి ఖాళీ చేతులతో వచ్చే మనిషి ఉండడు. అందరూ గర్భగుడి వైపు మెడలు చాస్తుంటే, అతను నా కుడి నడుము వైపు చూస్తున్నాడు.

నేను తిరిగి, కుడివైపు క్యూ కమ్మీకి ఆనుకుని మోచెయ్యి కిందికి దించాను. సరిగ్గా అప్పుడే దేవకమ్మ పూజ పళ్ళెం నా ముందుకు చాపింది. "పట్టుకో, కొంగు సర్దుకుంటా."

"లేదమ్మా."

"ఒక్క నిమిషం."

"లేదమ్మా. నా ఎడమ పక్కకు రండి. ఇప్పుడే రండి."

నా గొంతులో ఏదో తేడా తెలిసినట్టుంది. మొదటిసారి ఎదురు చెప్పకుండా వచ్చింది.

అంతలో అవతలి ద్వారం నుంచి మేళాలతో ఒక కుటుంబం వచ్చింది. మెడలో గజమాల వేసుకున్న పెద్దమనిషి. ఇసుక లారీల యజమాని. కోర్టులో దేవకమ్మకు ఎదురుపక్షం. జనం తలలన్నీ అటు తిరిగాయి. నా తల కూడా అటు తిరిగింది, ఒక్క చూపుకు. ఆ చూపు చాలనుకుని నీలం చొక్కా మనిషి కమ్మీకీ నాకూ మధ్య దూరి, నా చొక్కా కింద చెయ్యి పెట్టాడు.

తుపాకీ పిడి మీద అతని వేళ్ళు పడ్డాయి. వాటి మీద నా అరచెయ్యి పడింది. కిందికి అదిమి, మోకాళ్ళు వంచి, నా బరువంతా దాని మీద వేశాను. ఎడమ ముంజేతిని అతని మెడకు అడ్డం పెట్టాను. అతను బలమైనవాడు. లాగుతున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. అది నాకు అప్పుడు అర్థం కాలేదు.

తుపాకీ అని అరవకూడదు. అరిస్తే జనం పరుగెత్తుతారు. పిల్లలు కింద పడతారు. దొంగ అని అరిస్తే అతన్ని అక్కడే కొట్టి చంపుతారు. ఆలోచించి చేశానని చెప్పను. నోటికి వచ్చింది అరిచాను.

"అమ్మ వచ్చింది! ఈయప్ప మీదికి అమ్మ వచ్చింది! జరగండి, దారి ఇడవండి!"

జనం చేతులు జోడించి వెనక్కి జరిగారు. అంత కిక్కిరిసిన చోట మా చుట్టూ చిన్న గది అంత ఖాళీ ఏర్పడింది. ఎవరో మా ఇద్దరి మీద పసుపునీళ్ళు చల్లారు. ఎవరో వేపమండతో నా వీపు మీద కొట్టారు. ఒక ముసలామె నేల మీద సాగిలపడి, అతన్ని అడిగింది. "తల్లీ, నా కొడుక్కి పెండ్లి ఎప్పుడవతాది?"

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. "సంతోషం తల్లీ" అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

దేవకమ్మకు విషయం అర్థమైంది. పళ్ళెం కింద పెట్టి, అతని రెండో మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. పొలం పని చేసిన చేతులవి. బందోబస్తులో ఉన్న పోలీసులు చూసి వచ్చారు. అతని వేళ్ళు ఒక్కొక్కటి విప్పాం. తుపాకీ ఒరలోంచి అంగుళం కూడా బయటికి రాలేదు.

మునిరత్నం చెప్పింది

గుడి పక్క పోలీసు షెడ్డులో కూర్చోబెట్టాం. పేరు మునిరత్నం. తెలుగు మాట్లాడేవాడే. దేవకమ్మ అతని ఎదురుగా కూర్చుంది.

"నేను నీకేం చేసినానురా? నన్ను చంపాలని ఏంటికి వచ్చినావు?"

"మిమ్మల్ని కాదమ్మా" అన్నాడు. "మిమ్మల్ని నేను ఎందుకు చంపుతాను? మా తమ్ముణ్ణి ఇసుక లారీ తొక్కేసింది. రివర్సులో వస్తా తొక్కేసింది. ఏ లారీనో తెలీదని కేసు మూసేసినారు. ఏ లారీనో ఊరంతా తెలుసు. ఆ లారీల ఓనరు, ఆయప్ప, ఈ పొద్దు మాల వేసుకోని మేళాలతో గుడికి వస్తాడని విన్నా."

"అయితే నా దగ్గరికి ఏంటికి వచ్చినావు?"

"మీరూ ఈ పొద్దే మొక్కుకు వస్తారని ఊర్లో అనుకుంటాంటే విన్నా. మీటింగులో మీ వెనకాల ఈయక్క నడుము దగ్గర చూసినా. నేను నిజంగా చూసిన తుపాకీ అదొకటేనమ్మా."

ఇన్నాళ్ళూ నేను దేవకమ్మ కోసం ఎవరు వస్తారా అని చూశాను. ఈ మనిషికి ఆమెతో పనే లేదు. నేను తెచ్చిన వస్తువు కోసం వచ్చాడు. జనంలోకి తుపాకీ తీసుకువెళ్ళే ప్రతి ఒక్కరూ ఇది తెలుసుకోవాలి. అక్కడ ఎన్ని పగలు, ఎన్ని ఏడుపులు ఉన్నాయో నీకు తెలియదు. వాటన్నిటి మధ్యకు తుపాకీ తెచ్చింది నువ్వు.

మా ఇన్‌స్పెక్టర్ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. మొదట, తుపాకీ తీసి ఎందుకు గురిపెట్టలేదని అడిగాడు. అంత దగ్గరగా ఉన్నవాడి ముందు ఒరలోంచి తీస్తే వాడికి సగం పని మనమే చేసిపెట్టినట్టని చెప్పాను. తరవాత, "చైర్మన్ మీద హత్యాయత్నం అని రాద్దాం. నీకూ పేరొస్తుంది" అన్నాడు.

"ఆయన చెయ్యి నా నడుము మీద ఉంది సార్. దేవకమ్మగారు నా అవతలి పక్క ఉన్నారు."

"వాడు ఏమైనా చెబుతాడు. నువ్వు నమ్ముతావా?"

"నమ్మడం నా పని కాదు సార్. చూసింది చెబుతా. ఆయన దేవకమ్మగారి వైపు ఒక్కసారి కూడా చూడలేదు."

ఆయనకు కోపం వచ్చింది. నాకు ఆ సంవత్సరం రావాల్సిన పతకం రాలేదు. తుపాకీ లాక్కోబోయాడనే కేసు నమోదైంది. హత్యాయత్నం పెట్టి ఉంటే మునిరత్నం జీవితం జైల్లోనే తెల్లారేది.

కేసు అసలు వద్దంది దేవకమ్మ. "తమ్ముడు పోయినోడు. ఇడిచిపెట్టు కోమలా."

"ఇడిచిపెడితే రేపు ఇంకో గన్‌మ్యాన్ దగ్గరికి పోతాడమ్మా. ఆ గన్‌మ్యాన్ చేతిలో సొరకాయ ఉండొచ్చు."

ఆమె నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. భోజనం మాత్రం ఆపలేదు. కంచం నా ముందు కొంచెం గట్టిగా పెట్టేది. మాటలు మొదలుపెట్టాక ఆమె చేసిన మొదటి పని, మునిరత్నం తమ్ముడి కేసు మళ్ళీ తెరిపించడం. లాయరును పెట్టింది, సాక్షుల ఇళ్ళకు తనే నడిచింది, వెనక నేను నడిచాను. లారీ దొరికింది, డ్రైవరు దొరికాడు. యజమాని ఈసారి ముద్దాయిగా కోర్టు మెట్లు ఎక్కాడు. మేళాలు లేకుండా.

తిరువళ్ళూరు కోర్టు వరండా

మునిరత్నానికి శిక్ష పడింది. చిన్నదే. అప్పటికే లోపల గడిపిన కాలం అందులో చాలావరకు కలిసిపోయింది. తీర్పు చెప్పిన రోజు నేను సాక్షిగా కాదు, ఊరికే వెళ్ళాను. కాగితాలు తయారయ్యేదాకా అతన్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. అతని తుపాకీ వైపు గోడకు ఉందో లేదో చూసి, ఉంది కాబట్టి, నేను మునిరత్నం పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఒకటి అడగనా?" అన్నాడు.

"అడుగు."

"నువ్వు అన్నీ చూస్తావంట గదా. ఆ పొద్దు ఆయప్ప పక్కన ఎవురెవురు ఉండ్రి?"

నాకు బాగా గుర్తుంది. ఆ ఒక్క చూపులో చూసిందే. అతనికి వరుసగా చెప్పాను. ఆయనకు ఎడమపక్క భార్య, చేతిలో పొంగలి కుండ. వెనక ఇద్దరు మేళగాళ్ళు, వాళ్ళలో ఒకడు ముసలివాడు. కుడిపక్క కమ్మీ పట్టుకుని నిలబడలేక నిలబడిన గర్భిణి. ఆయన భుజాల మీద మనవరాలు, మూడేళ్ళు ఉంటాయేమో. అప్పుడే గుండు గీయించి చందనం పూశారు. ఆ పిల్ల రెండు చేతులతో తాత చెవులు పట్టుకుని ఉంది.

మునిరత్నం తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు.

"భుజాల మీదనా?"

"భుజాల మీదనే."

"నాకు ఆయప్ప ఒక్కడే కనపడినాడక్కా" అన్నాడు.

లోపలి నుంచి పేరు పిలిచారు. కానిస్టేబుల్ లేచాడు. మునిరత్నం మాత్రం వెంటనే లేవలేకపోయాడు. నేను కుడిచెయ్యి ఇచ్చి లేపాను.